కాగితం మీద అంతా పచ్చనే, కారు మాత్రం పక్కకే

ప్రశ్న: నాది రెండు సీట్ల తేలికపాటి స్పోర్ట్స్ కారు, బరువు వెయ్యి కిలోలకు అటూఇటూ. ఆనందపురం–అనకాపల్లి రహదారి మీద వేగం 80 దాటితే నిలకడ ఉండదు. ఎడమకు లాగుతుంది, స్టీరింగ్‌ను అస్తమానం సరిచేస్తూనే ఉండాలి. మూడు చోట్ల వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు కొలిచి సరిచేయడం) చేయించాను. మూడు కాగితాల్లోనూ అంకెలన్నీ పచ్చగానే, అంటే పరిమితి లోపలే ఉన్నాయి. కారు సమాచారం చదివే ఒక బ్లూటూత్ డాంగిల్ కొని, డ్యాష్‌బోర్డు కింది సాకెట్‌లో గుచ్చి ఫోన్‌కు కలిపితే, కారు తిన్నగా వెళ్తున్నప్పుడు కూడా స్టీరింగ్ కోణం కుడికి 2.4 డిగ్రీలు అని చూపిస్తోంది. యాప్‌లో దాన్ని సున్నా చేసే మీట ఉంది. నొక్కమంటారా? (సిరిపురం నుంచి ఒక పాఠకుడు)

నొక్కకండి. ఆ సెన్సర్ అబద్ధం చెప్పడం లేదు. మీ జబ్బేమిటో మీ అలైన్‌మెంట్ కాగితంలోనే రాసి ఉంది, చదివినవారే లేరు.

ఈ తరహా ఉత్తరాలు వరసగా వస్తున్నాయి కాబట్టి పాఠమంతా మళ్లీ మొదలుపెట్టను. పైనుంచి చూస్తే చక్రం ఎంత లోపలికో బయటికో తిరిగి ఉందో చెప్పే కోణమే టో అని గుర్తుంటే చాలు. లోపలికైతే +, బయటికైతే −. మీరు పంపిన మూడో కాగితం ఫొటోలో పై మూలన చిన్న అక్షరాల్లో కారు మోడల్ పేరు ఉంది చూడండి. అది మీ కారు కాదు, ఇంటిల్లిపాదీ తిరిగే ఒక హ్యాచ్‌బ్యాక్. యంత్రం జాబితాలో మీ కారు దొరక్క, దగ్గరగా కనిపించినదాన్ని ఎంచుకుని పని కానిచ్చేశారు. ఆ హ్యాచ్‌బ్యాక్‌కు వెనక చక్రాల టో సరిచేసే ఏర్పాటే ఉండదు. అందుకే మీ కారుకు ఆ ఏర్పాటు ఉన్నా వెనకవైపు ఎవరూ పానా పెట్టలేదు.

ఇప్పుడు అంకెలు. వెనక ఎడమ చక్రం టో +0.22 డిగ్రీలు, కుడిది −0.10. ఒకటి లోపలికి, ఇంకొకటి బయటికి తిరిగి ఉన్నాయి, అంటే రెండూ కుడివైపే చూస్తున్నాయి. వాటి మధ్య తేడాలో సగం, 0.16 డిగ్రీలు. వెనక చక్రాలు కారును అంత వంకరగా తోస్తున్నాయన్నమాట. ముందు చక్రాలను మాత్రం ఆ వంకర లెక్కలోకి తీసుకోకుండా కారు మధ్యగీతకే సరిచేశారు. కాబట్టి తిన్నగా పోవాలంటే మీరు వాటిని అంతే కుడికి తిప్పి పట్టుకోవాలి. మీ కారు తరహా వాటిలో చక్రం ఒక డిగ్రీ తిరగాలంటే స్టీరింగ్‌ను సుమారు 15 డిగ్రీలు తిప్పాలి. 0.16ను 15తో గుణించండి. మీ యాప్ చూపించిన 2.4 అదే.

నిలకడ లేకపోవడానికి కారణం కూడా అక్కడే ఉంది. ముందు చక్రాలు ఒక్కొక్కటి −0.08 చొప్పున బయటికి తిరిగి ఉన్నాయి. గతుకు తగిలినప్పుడల్లా ఏ చక్రానికి పట్టు ఎక్కువ దొరికితే అది కారును తనవైపు లాక్కుపోతుంది. బరువైన కారులో ఇది తెలియకపోవచ్చు. తేలికగా, పొట్టిగా ఉండి, వెడల్పు టైర్లున్న కారులో అరచేతులకు తెలుస్తుంది. దానికి వెనక కుడి చక్రం కూడా బయటికి తిరగడం తోడైంది. ఇవన్నీ ఆ హ్యాచ్‌బ్యాక్‌కు ఇచ్చిన పరిమితుల లోపలే ఉన్నాయి కనుక అన్నీ పచ్చే. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టు, తప్పు మోడల్ ఎంచుకున్న యంత్రానికి ఏ కారైనా బాగున్నట్టే కనిపిస్తుంది. అంకెను చిన్నదిగా, రంగును పెద్దదిగా చూపించే తెరను తయారుచేసినవారిని నేను క్షమించలేను. చదవాల్సిన పని లేకుండా చేయడమే సౌకర్యం అనుకున్నారు వారు.

కారుతో వచ్చిన పుస్తకంలోని అంకెలు పట్టుకుని వెళ్లి, మొదట వెనక చక్రాలు సరిచేయించండి, ఆ తర్వాతే ముందువి. పుస్తకంలో 0°10′ అని ఉంటే అది పది నిమిషాలు, అంటే 0.17 డిగ్రీలు. 0.10 అని కొట్టనివ్వకండి. డ్రైవర్ సీట్లో 25 కిలోల బియ్యం బస్తాలు మూడు పెట్టించండి. వెయ్యి కిలోల కారులో 75 కిలోల మనిషి కూర్చుంటే సస్పెన్షన్ ఎత్తు మారుతుంది, దాంతో కోణాలూ మారతాయి. మన విశాఖ ఉప్పుగాలికి వెనక సర్దుబాటు బోల్టులు వాటి చుట్టూ ఉండే బుష్‌లకు (రబ్బరు తొడుగులకు) తుప్పుతో అతుక్కుపోయి ఉండవచ్చు. "తిరగడం లేదు సార్" అంటే వదిలేయకుండా ఊడదీయించి కొత్తవి వేయించండి. టైర్లలో గాలి కూడా చూడండి. ఈ తరహా కార్లలో కొన్నింటికి 26 పీఎస్‌ఐ చాలు. బంకులో అడగకుండానే 35 కొట్టేస్తారు.

బీచ్ రోడ్డు మీద లాగుతోందని రాసేవారికి మాత్రం వేరే మాట. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు వెళ్తుంటే సముద్రం కుడివైపు ఉంటుంది. సాయంత్రం గాలి కుడినుంచి తోస్తుంది, వాన నీరు పోవడానికి రోడ్డుకు ఇచ్చే సుమారు 2 శాతం వాలు కూడా ఎడమకే దించుతుంది. తిరిగి వచ్చేటప్పుడు గాలి ఆ వాలుకు ఎదురు నిలుస్తుంది. వెళ్లేటప్పుడు లాగి, వచ్చేటప్పుడు లాగకపోతే అలైన్‌మెంట్ జోలికే పోకండి.

ఇక ఆ డాంగిల్. నన్ను నిజంగా భయపెట్టింది అదే. దాన్ని డ్యాష్‌బోర్డు కింద గుచ్చి అలాగే వదిలేశానని రాశారు. ఆ సాకెట్‌కు తాళం తీసేసినా బ్యాటరీ నుంచి కరెంటు అందుతూనే ఉంటుంది. చవక డాంగిళ్లలో చాలావాటి బ్లూటూత్ పిన్ 1234, కాకపోతే 0000. మీరు కారు నిలిపి టిఫిన్‌కు వెళ్తే పక్క కారులో కూర్చున్నవారు దానికి ఫోన్ కలుపుకోవచ్చు. లోపల కారు విభాగాలు మాట్లాడుకునే క్యాన్ పద్ధతి 1986లో బయటికి వచ్చింది. సందేశం పంపింది ఎవరో రుజువు అడగడం దాని రూపకల్పనలోనే లేదు. 2015లో అమెరికాలో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు బీమా అవసరాలకు వాడే ఒక డాంగిల్‌కు ఎస్ఎంఎస్‌లు పంపి, ఒక స్పోర్ట్స్ కారు వైపర్లు ఆడించారు, తక్కువ వేగంలో బ్రేకులు వేశారు, పనిచేయకుండానూ చేశారు.

పైగా మీ యాప్ చదవడంతో ఆగకపోవచ్చు. సున్నా చేసే మీట ఉందంటే కారులోకి రాస్తూ కూడా ఉండవచ్చు. కారు జారుతున్నప్పుడు ఏ చక్రానికి బ్రేకు వేయాలో తేల్చే వ్యవస్థ, డ్రైవర్ ఎటు పోవాలనుకుంటున్నారో స్టీరింగ్ కోణాన్ని బట్టే తెలుసుకుంటుంది. 2.4 డిగ్రీలతో వెంటనే కొంప మునగకపోవచ్చు. కానీ వంకర వెనక చక్రాల్లో ఉంచుకుని సున్నాను జరపడం దేనికి? రేపు చక్రాలు సరైతే ఆ సున్నా తప్పవుతుంది. అలైన్‌మెంట్ పూర్తయ్యాక, స్టీరింగ్ తిన్నగా నిలిపి, సరైన పరికరంతో సున్నా చేయించండి. డాంగిల్ అవసరమైనప్పుడు పెట్టి, పని కాగానే తీసేయండి. యాప్ స్టోర్‌లో కాకుండా వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలుతో యాప్ పెట్టుకుని ఉంటే ఇవాళే తొలగించండి. స్టీరింగ్ కోణం చూపించడానికి మీ కాంటాక్టులు దానికెందుకు?

ప్రశ్న: మా కారు కూడా పక్కకు లాగేది. స్టీరింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాక లాగడం పోయింది. బాగైనట్టేనా? (మధురవాడ)

బాగైందో, కనిపించకుండా పోయిందో తేల్చుకోవాలి. కొన్ని ఎలక్ట్రిక్ స్టీరింగ్‌లు కారు ఎటు లాగుతోందో గమనించి, మోటారుతో రెండోవైపు నెట్టి మీ చేతికి తెలియకుండా చేస్తాయి. రోడ్డు వాలుకైతే మంచిదే. వంగిన టై రాడ్‌నూ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీని) అలాగే దాచేసి, సంగతి తెరమీద ఒక్క ముక్కైనా చెప్పకపోవడం నాకు మింగుడుపడదు. ముందు టైర్ల మీద అరచేతిని అడ్డంగా, మొదట ఒక వైపు నుంచి, తర్వాత ఎదురు వైపు నుంచి నిమిరి చూడండి. ఒక దిశలో నున్నగా, రెండో దిశలో రంపపు పళ్లలా గీసుకుంటే టో తప్పింది. అప్‌డేట్‌ను నమ్మకుండా అలైన్‌మెంట్‌కు వెళ్లండి. అక్కడ ముందు మోడల్ పేరు చూడండి.