కారు తాళం ఆ రాత్రి ఎక్కడుంది?

ప్రశ్న: మాది తిరుపతి. మా అబ్బాయికి 17 ఏళ్ల 4 నెలలు, ఇంటర్ రెండో సంవత్సరం. ఎనిమిది రోజుల కిందట రాత్రి మాకు చెప్పకుండా కారు తీసుకుని ఇద్దరు స్నేహితులతో జూపార్క్ రోడ్డుకు వెళ్లాడు. వాళ్లలో ఒకడికి 19 ఏళ్లు. కారులోనే కూర్చుని బీరు తాగి, గంజాయి సిగరెట్ కాల్చారట. తిరిగి వస్తూ బైక్ మీద వెళ్తున్న ఒకాయనను గుద్దారు, ఆయన కాలు విరిగింది. భయపడి కారు వదిలేసి పారిపోయి వచ్చారు. పోలీసులు కారు సీజ్ చేశారు. సీటు కింద బీరు సీసాలు, చిన్న గంజాయి పొట్లం దొరికాయి. కారు నా భార్య పేరు మీద ఉంది. ఎవరు నడిపారో చెప్పమని ఆమెకు నోటీసు వచ్చింది. మా వాడు బాగానే నడుపుతాడు, ఇంతకుముందు రేణిగుంట దాకా రెండు మూడు సార్లు నడిపాడు కూడా. చిత్తూరులో ఉండే మా బావమరిది తానే నడిపానని చెప్పడానికి ఒప్పుకున్నాడు. మా అబ్బాయికి తాగినట్టు పరీక్ష ఏదీ జరగలేదు కాబట్టి కేసు నిలవదంటున్నారు. నిద్ర పట్టడం లేదు. వాడి భవిష్యత్తు పాడవకుండా దారి చెప్పండి.

జవాబు: మీరు అబ్బాయి తాగాడా లేదా అన్న దగ్గర ఆగిపోయారు. మీ కేసు తేలేది అక్కడ కాదు. ‘రేణిగుంట దాకా రెండు మూడు సార్లు నడిపాడు’ అని మామూలుగా రాసేశారు చూడండి, ఆ ఒక్క వాక్యం దగ్గర.

పరీక్ష జరగలేదన్న మాటలో కొంత నిజముంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉందని పరీక్షలో తేలాలి. అది లేకుండా ఆ సెక్షన్ నిలబెట్టడం కష్టం. కానీ 18 ఏళ్లు నిండకుండా, లైసెన్సు లేకుండా కారు నడపడమే నేరం. దానికి ఏ పరీక్షా అక్కర్లేదు, పదో తరగతి సర్టిఫికెట్ చాలు. మైనర్ నేరం చేస్తే 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 199ఎ ప్రకారం సంరక్షకుడిని గానీ, వాహన యజమానిని గానీ దోషిగా చూస్తారు. మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. కుర్రాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇది చలానా కట్టి వదిలించుకునేది కాదు.

పిల్లవాడికి బండి మీరే ఇచ్చారని కోర్టు ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది మీరే. మీకు తెలియకుండా తీశాడని, లేదా మీరు తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారని చూపించాలి. ఇంతకుముందు రేణిగుంట దాకా పంపిన తల్లిదండ్రులు ఆ మాట ఎలా చెబుతారు? నాకు కోపం వచ్చింది ఇక్కడే. ‘బాగానే నడుపుతాడు’ అని మురిసిపోయిన రోజునే తాళం వాడి చేతికిచ్చినట్టు. తాళం గుమ్మం పక్క మేకుకు వేలాడుతుంటే వాడు అడగడం ఎందుకు, తీసుకుపోతాడు.

బావమరిది సంగతి. ఆ ఆలోచన ఈ రోజే మానుకోండి. ఆ రాత్రి ఆయన ఫోను చిత్తూరు టవరు చూపిస్తుంది. మీ వాడి ఫోను జూపార్క్ రోడ్డులో ఉంటుంది. దెబ్బ తిన్నాయన ముగ్గురు కుర్రాళ్లను చూసి ఉంటాడు. పందొమ్మిదేళ్ల స్నేహితుడు తన మెడకు చుట్టుకునేసరికి అన్నీ చెప్పేస్తాడు. నోటీసుకు అబద్ధం రాస్తే మీ భార్య, మీరు, బావమరిది ముగ్గురూ భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 238 కింద, నేరస్తుణ్ని కాపాడేందుకు తప్పుడు సమాచారం ఇచ్చారని ఇరుక్కుంటారు. 2024 మే 19న పూణేలో 17 ఏళ్ల కుర్రాడు నడిపిన పోర్షే కారు గుద్ది ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. నేరం తన మీద వేసుకోమని డ్రైవరును ఒత్తిడి చేశారని, రక్త నమూనా మార్చారని పోలీసులు కేసులు పెట్టారు. తండ్రి, తల్లి, తాత, ఇద్దరు డాక్టర్లు అరెస్టయ్యారు.

నిజానికి ఈ కేసులో చట్టం ఎక్కువ దయ చూపేది మీ అబ్బాయి మీదే. వాడు మైనర్ల కేసులు చూసే జువనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్తాడు, లాకప్‌లో పెట్టకూడదు. పేరు బయటపెట్టకూడదు. బోర్డు ఉత్తర్వు వల్ల చదువుకు, ఉద్యోగానికి అనర్హత రాదు. గంజాయి కిలో లోపు ఉంటే చిన్న పరిమాణమే, పెద్దవాళ్లకైనా ఏడాది వరకే శిక్ష. అయితే ఆ మద్యం, గంజాయి వాడి చేతికి ఎవరిచ్చారో కనుక్కోండి. పిల్లలకు మత్తు ఇచ్చినవాళ్లకు జువనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 77 కింద ఏడేళ్ల వరకు కఠిన జైలు ఉంది. కనుక్కోమన్నాను గానీ, ఏం చెప్పాలో వాడికి నేర్పించకండి.

ఇప్పుడు చేయవలసింది. నోటీసుకు గడువులోగా, లాయరుకు చూపించి, అబ్బాయే నడిపాడని నిజం రాసివ్వండి. జవాబివ్వకపోవడం కూడా నేరమే. మీ అపార్ట్‌మెంటులో సీసీ కెమెరా ఉంటే రేపు పొద్దున్నే ఆ రాత్రి రికార్డింగు కాపీ చేయించండి, దాన్ని కోర్టు తీసుకోవడానికి ఎలక్ట్రానిక్ సాక్ష్యం సర్టిఫికెట్ కూడా కావాలి. సాధారణంగా పదిహేను రోజులకో నెలకో పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది, మీకు ఎనిమిది రోజులు అప్పుడే పోయాయి. ఆ రికార్డింగులో వాడు దొంగతనంగా బండి తీసినట్టుంటే అది మీ పక్షాన పనికొస్తుంది. మీకు వ్యతిరేకంగా ఉన్నా చెరపకండి. అప్పుడు నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించమని కోరడమే మార్గం.

కాలు విరిగినాయన ఆసుపత్రి ఖర్చు భరించండి, రసీదులు దాచండి. ఆయన పరిహారానికి దరఖాస్తు చేయడానికి చట్టంలో ఆరు నెలల గడువుంది, స్టాంపు కాగితం మీద పది వేలకు రాజీ అని సంతకం చేయించుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. లైసెన్సు లేకుండా నడపడం కాబట్టి ఇన్సూరెన్సు కంపెనీ ఆయనకు చెల్లించినా, ఆ డబ్బు మీ భార్య దగ్గర వసూలు చేసుకోవచ్చు.

అబ్బాయిని ఈ వారంలోనే రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. 14446 డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ కూడా ఉంది. అలవాటుపడినవాడు తనంతట తానే ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్సకు చేరితే, మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం సెక్షన్ 64ఎ కింద చిన్న పరిమాణం కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు అడగవచ్చు. పూర్తి చికిత్స తీసుకోవాలి, మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. మొదటి రోజు ఓపీ చీటీ నుంచి ప్రతి కాగితం ఫైల్లో పెట్టుకుని బోర్డుకు వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి.