నాటకాలకు పాటలు రాసేటోళ్లు సాండ్‌హైమ్ నుంచి ఏం నేర్చుకోవచ్చు?

సంగీత నాటకాలకు పాటలు రాసి బాణీలు కట్టిన స్టీఫెన్ సాండ్‌హైమ్‌ది అమెరికా బ్రాడ్‌వే (న్యూయార్క్‌ల పెద్ద నాటకశాలలు) కదా, మన ఊర్లల్ల నాటకాలకు పాటలు రాసేటోళ్లకు ఆయన ఏం పనికొస్తడు అని అడిగిన్రు. చానా పనికొస్తడు. మాది హన్మకొండ, మా టీముకు పన్నెండేండ్లసంది పాటలు నేనే రాస్తున్న, నాకు ఎదురైందే చెప్త.

వరంగల్ల ఆజంజాహి బట్టల మిల్లు మీద ఒక నాటకం చేసినం. మిల్లు మూతపడ్డంక ఒక కార్మికుని భార్య పాడే పాట ఉంటది అండ్ల. ఆ వేషం కట్టింది మా వాడకట్టు అత్తమ్మ, అరవై ఏండ్లుంటయ్, గొంతు మస్తుగుంటది గానీ దమ్ము నిలవదు, నేనేమో ఇంత పొడుగు పల్లవి రాసిన, రిహార్సల్ల సగంలనే ఊపిరి తెగుతుండె, హార్మోనియం ఆపుడు మళ్ల మొదలుపెట్టుడు. వేరేటోళ్లను పెడ్దామన్నరు మావోళ్లు, నాకు మనసొప్పలే.

అప్పుడే ఈ సంగతి చదివిన. 1973ల ‘ఎ లిటిల్ నైట్ మ్యూజిక్’ నాటకంల గ్లినిస్ జాన్స్ అనే నటి, గొంతు తేటగుంటది గానీ స్వరం పట్టి నిలుపుడు కష్టం. అందుకే సాండ్‌హైమ్ చిన్న చిన్న ముక్కలతోని, ప్రశ్నల లెక్క ‘సెండ్ ఇన్ ది క్లౌన్స్’ రాసిండు. నేను ఆ రాత్రే నా పల్లవి కొట్టేసి “సైరన్ మోగిందా? సద్ది గట్టాల్నా? ఎవలికి గట్టాలె?” అని రాసిన. అత్తమ్మ ముక్క ముక్కకు ఆగుతుంటే ఆ ఆగుడుల్నే దుఃఖం వినబడ్డది. నాటకం అయినంక పాత కార్మికుడొకాయన వచ్చి “నా సద్ది గిన్నె ఇంకా ఇంట్లనే ఉన్నది చెల్లె” అన్నడు.

సాండ్‌హైమ్ 1930ల న్యూయార్క్‌ల పుట్టిండు, 2021ల పోయిండు. 1957ల ‘వెస్ట్ సైడ్ స్టోరీ’కి పాటలు రాసిండు, బాణీలు లియొనార్డ్ బెర్న్‌స్టైన్ అనే సంగీతకారునివి. 1962ల మొదటిసారి బ్రాడ్‌వేల మాట, బాణీ రెండూ తనవే. 1985ల పులిట్జర్ అనే పెద్ద అవార్డు గూడ వచ్చింది. నాకైతే ఆయన నేర్చుకున్న తీరే గొప్పగనిపిస్తది. పదిహేనేండ్లప్పుడు స్కూల్ల రాసిన నాటకం, దోస్తు వాళ్ల నాయిన, పేరున్న నాటక పాటల రచయిత ఆస్కార్ హామర్‌స్టైన్‌కు ఇచ్చి నన్ను ఎరగనట్టే చదవమన్నడు. ఇంత చెత్త నేనెన్నడు చదవలే అన్నడాయన, కానీ అంతటితోని పంపియ్యలే, ఆ మాపటిదాక కూసొని లైను లైను విడమరిచి చెప్పిండు. తర్వాత నాలుగు పనులిచ్చిండు: నచ్చిన నాటకానికి పాటలు కట్టుడు, లోపాలున్న నాటకాన్ని బాగుచేసి కట్టుడు, ఎవరూ నాటకం చెయ్యని కథను తీసుకునుడు, ఆఖరుకు సొంత కథ. పెద్దయినంక జొనాథన్ లార్సన్, లిన్-మాన్యుయెల్ మిరాండా అసొంటి కొత్తగ నాటకాలకు పాటలు రాసేటోళ్లకు సాండ్‌హైమ్ గూడ గట్లనే అండగున్నడు.

మీరు గూడ మొదటి పనితోనే షురూ చెయ్యున్రి, సొంత కథకు ఇప్పుడే పోకున్రి. రాసింది నాకు పంపున్రి, ఎవలు పాడుతరో గూడ చెప్పున్రి, లైను లైను చూద్దాం.