బ్యాటరీ మీద చెయ్యి వేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

జయపురంలో వైరింగ్ షెడ్డులో చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కి వచ్చే లారీలు మీ ముందే ఆగుతాయి కాబట్టి పనికి కొదవుండదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

"పన్నెండు వోల్టులేగా, షాకు కొట్టదు" అంటారు. నిజమే, కొట్టదు, కాలుస్తుంది. ప్లస్సుకీ బాడీకీ మధ్య పానా పడిందా, వందల ఆంపియర్లు ఒక్కసారే పారతాయి. ఆ దారిలో నీ ఉంగరం ఉంటే వేలు మాడిపోతుంది. ఉంగరం, స్టీలు గడియారం షెడ్డులో అడుగు పెట్టగానే తీసెయ్యి.

విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. మైనస్ బాడీకి కలిసి ఉండగా ప్లస్ నట్టు విప్పావనుకో, పానా రెండో కొస ఛాసిస్‌కి తగిలితే షార్టే. మైనస్ ముందే తీసి ఉంటే తగిలినా ఏమీ కాదు. 10 నంబరు పానా పిడికి టేపు చుట్టి, దాన్ని బ్యాటరీ పనికే ఉంచుకో. ఇంజిను నడుస్తుండగా మాత్రం బ్యాటరీ వైరు తీయకు. బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ వోల్టేజి ఒక్కసారి ఎగిరి దాని డయోడ్లు, ఇంజిను కంప్యూటరు (ఈసీఎం) పోతాయి.

ఫ్యూజు కాపాడేది లైటును కాదురా, వైరును. ఘాటులో మంచుకని బొలెరోకి రెండు 55 వాట్ల ఫాగ్ లైట్లు అడుగుతారు. 110 వాట్లు, 12 వోల్టులు, అంటే తొమ్మిది ఆంపియర్ల పైచిలుకు. స్విచ్చు మీద ఆ బరువు పెట్టకు, రిలే వెయ్యి, చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపేది అది. రిలే పిన్నుల మీద నంబర్లుంటాయి: 30కి బ్యాటరీ, 87కి లైటు, 86కి స్విచ్చు, 85కి ఎర్త్. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది, ఫ్యూజు 15 ఆంపియర్లది, నీలం రంగుది. ఫ్యూజు హోల్డరు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. లైటు దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరిసిపోయినప్పుడు ఆపేవాడు ఉండడు. రేకులోంచి వైరు లాగే చోట రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతుంటే షార్టు వెతుకు. పెద్ద ఫ్యూజు, రాగి తీగ వెయ్యమని డ్రైవరు ఎంత బతిమాలినా ఒప్పుకోకు.

లారీల్లో ఇంకో తప్పు ఎక్కువ. వాటిలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. పాటల సెట్టుకని ఆ రెండింటిలో ఒకదాని నుంచే 12 వోల్టులు లాగేస్తారు. అది ఎప్పుడూ సగం ఛార్జిలో ఉంటుంది, రెండోది ఎక్కువ ఛార్జయి ఉడుకుతుంది. కొన్నాళ్లకు రెండూ పాడు. 24 నుంచి 12కి కన్వర్టర్ పెట్టించు.

ఛార్జింగులో ఉన్న బ్యాటరీ దగ్గర బీడీ వద్దు, వచ్చేది హైడ్రోజన్. ఛార్జర్ స్విచ్చు ఆపాకే క్లిప్పులు తీయి. యాసిడ్ కంట్లో పడితే నలపకుండా 20 నిమిషాలు మంచినీళ్లతో కడిగి, ఆపైన ఆసుపత్రికి వెళ్లు. కళ్లద్దాలు ఈ వారమే కొను, డబ్బులు పంపుతాను.

మీ మామయ్య