“నా గుంటేటి పాపం చేసిందప్పా?”

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. వాయుగుండం వానల్లో రాత్రి రెండు గంటల వేళ మట్టిగోడ కూలి మా మరిది కూతురు, ఏడేళ్ల పిల్ల, నిద్రలోనే పోయింది. నాలుగు నెలలైంది. మా తోటికోడలు దేవుడి దగ్గర దీపం పెట్టడం మానేసింది. “నా గుంటేటి పాపం చేసిందప్పా? ఆ దేవుడికి కళ్లు లేవా?” అని నన్ను పట్టుకుని అడుగుతోంది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. పూర్వజన్మ కర్మ అంటారు మా అత్తగారు. చర్చికి వెళ్లే పక్కింటావిడ ప్రభువు పెట్టిన పరీక్ష అంటుంది. శివరాత్రికి శ్రీముఖలింగం తీసుకెళ్లి వంశధారలో చక్రతీర్థ స్నానం చేయిస్తే మనసు కుదుటపడుతుందని ఇంట్లో ఒత్తిడి చేస్తున్నారు. ఆమె పదేళ్ల కొడుకు “చెల్లిని దేవుడెందుకు తీసుకెళ్లాడు?” అంటున్నాడు. వాడిప్పటికీ ఆ ఇంట్లోనే, మిగిలిన గోడ పక్కన పడుకుంటున్నాడు. నాకే జవాబు తెలీదు, ఆమెకేం చెప్పను?

జవాబు: అమ్మా, ముందు పిల్లాడి పక్క సంగతి చూద్దాం. దేవుడి మాట తర్వాత. ఈ రాత్రికే వాడి పక్క మార్చండి. గోడ ఎత్తు ఎంతో అంతకంటే ఎక్కువ దూరంలో ఉండాలి. ఎనిమిదడుగుల గోడైతే కనీసం తొమ్మిది, పదడుగులు. గదిలో అంత చోటు లేకపోతే మీ ఇంట్లో పడుకోబెట్టుకోండి. చూరునీళ్లు కారి చిమ్మినచోట మట్టిగోడ అడుగుభాగం నాని, కరిగి, సన్నబడుతుంది. పైబరువు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే వాన ఆగిన మర్నాడో ఆ మర్నాడో కూడా గోడలు కూలుతుంటాయి. ఇప్పుడు ఎండిపోయింది కదా అని నమ్మకండి, అడుగు తినేసిన గోడ ఎండినా బలహీనమే. అడుగున మేకు చేత్తో నొక్కితేనే దిగినా, గోరు పట్టేంత ఏటవాలు పగులున్నా, గోడ మధ్యలో పొట్ట వచ్చినా, పైన దూలానికీ గోడకీ మధ్య సందు కనబడినా ఆ గది ఖాళీ చేయాల్సిందే.

ఇక ఆమె ప్రశ్న. దానికి జవాబు వెతికిపెట్టాలని మీరు తల బద్దలు కొట్టుకుంటున్నారు. ఆమె అడిగేది కారణం కాదని నా నమ్మకం. అలాంటి కారణం ఒకటి దొరికినా ఏ తల్లీ “ఓహో, అందుకా” అని ఊరుకోదు. కాబట్టి మీరు దేవుడి తరఫు వకీలు కావద్దు. మళ్లీ అడిగినప్పుడు పక్కన కూర్చుని, “నాకూ తెలీదు. కానీ దాని పాపం ఏమీ లేదు” అనండి, చాలు. మొదటి మాట నిజం, రెండోది ఖాయం. ఆ తర్వాత నిశ్శబ్దం వస్తుంది. దాన్ని నింపాలని తొందరపడకండి.

ఇంకొకటి గమనించండి. “దేవుడెందుకు చేశాడు” అనే మాట అడుగున చాలాసార్లు “నేనెందుకు చేశాను” అన్నది దాగి ఉంటుంది. ఆ గోడవారన పక్క వేసింది ఆమే అయి ఉండొచ్చు. వాన చూసి పెద్దింటికి వెళ్దామనుకుని, పొద్దున చూద్దాంలే అనుకుని ఉండొచ్చు. “ఆ రాత్రి ఏమైందో చెప్తావా?” అని ఒకసారి అడగండి. “నీ తప్పేం లేదులే” అని మధ్యలో అడ్డుపడకండి, మొత్తం చెప్పనివ్వండి. చెప్పడం అయిపోయాక, “కూలుతుందని ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలీదు. తెలిస్తే పిల్లని ఎత్తుకుని పరిగెత్తేదానివి” అనండి. ఒక్కసారితో తీరదు, పదిసార్లు చెబుతుంది. పదిసార్లూ వినాలి.

మీ అత్తగారిది దురుద్దేశం కాదు. లోకానికి ఒక లెక్క ఉందని నమ్మకపోతే ఆ వయసులో ఆమెకు నిలబడటం కష్టం. కానీ కర్మ మాటను ఇంకొకరి పిల్ల మీద తీర్పుగా వాడకూడదు. కర్మ గతి గహనమని గీత నాలుగో అధ్యాయంలోనే ఉంది, “గహనా కర్మణో గతిః” అని. అంత గహనమైనదాన్ని మన అరుగు మీద కూర్చుని లెక్కగట్టి, ఏడేళ్ల పిల్ల పేరున రాసేయడం ఆ మాటకే విరుద్ధం. పెద్దవాళ్లే ఇక్కడ తడబడ్డారు. 1934 జనవరి 15న బిహార్‌లో భూకంపం వచ్చినప్పుడు, అంటరానితనమనే పాపానికి అది దైవశిక్ష అని గాంధీజీ అన్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ ఒప్పుకోలేదు. ప్రకృతిలో జరిగేదాన్ని మనుషుల నీతికి ముడిపెట్టడం తగదని బహిరంగంగానే చెప్పారు. గాంధీజీ ఉద్దేశం ఎంత మంచిదైనా, ఈ విషయంలో ఠాగూర్ వైపే న్యాయం ఉందని నాకనిపిస్తుంది. శిథిలాల కింద పడింది అంటరానితనం పాటించినవాళ్లే కాదు కదా.

పక్కింటావిడకు ఆమె గ్రంథమే సాయం వస్తుంది. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి లూకా సువార్త పదమూడో అధ్యాయంలో ఉంది. వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతావాళ్లకంటే పాపులనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదని ఆయనే చెప్పాడు. పరీక్ష అన్న మాటకూ చిక్కుంది. తల్లిని పరీక్షించడానికి బిడ్డని చంపాడంటే, ఆ తల్లికి దేవుడి మీద భయం తప్ప ఏం మిగులుతుంది?

మీ తోటికోడలు దేవుణ్ణి తిట్టడం మీకు భయంగా ఉన్నట్టుంది. భయం వద్దు. భారతం అరణ్యపర్వంలో ద్రౌపది ఇంతకంటే గట్టిగానే అడిగింది. ధర్మం తప్పని ధర్మరాజుకు అడవులు, అధర్మం చేసినవాడికి రాజ్యమా? దారం కట్టిన కొయ్యబొమ్మల్లా ప్రాణుల్ని ఆడిస్తున్నాడే ఈ ఈశ్వరుడు, తల్లీ తండ్రీ చేసే పనేనా ఇది? అంత మాట అంది. ధర్మరాజు మందలించాడు, నాస్తికుల మాట మాట్లాడవద్దన్నాడు. కానీ ఆయన కూడా ఎందుకు జరిగిందో చెప్పలేదు, ఫలం కోసం నేను ధర్మం చేయడం లేదని మాత్రం చెప్పాడు. ఆ మాటలన్నందుకు ద్రౌపది మీద పిడుగు పడలేదు, ఆమె పతివ్రత కాకుండా పోలేదు. తిట్టడం కూడా మాట్లాడటమే. మాట తెగనంతవరకు కంగారు పడాల్సింది లేదు.

మరి దేవుడి ప్రమేయం ఎంత, మనది ఎంత? దీన్ని ఇప్పుడు ఆమెతో చర్చించకండి, మీకోసం చెబుతున్నాను. బంగాళాఖాతం వేడెక్కిన రోజుల్లో వాయుగుండాలు పుడతాయి. వాటికి ఎవరి పేరూ తెలీదు. అయితే ఎవరు చనిపోతారన్నది గాలి ఒక్కటే తేల్చదు. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెనకు పదివేల మందికి పైగా పోయారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానం కొబ్బరి, జీడితోటలు నేలమట్టమైనా ప్రాణనష్టం దివిసీమతో పోల్చేంత లేదు. దివిసీమంత ఉప్పెన రాకపోవడం ఒక కారణమైతే, హెచ్చరిక ముందే అందడం, జనాన్ని తరలించడం ఇంకో కారణం. అంటే దేవుడి మీద వేసే బరువులో కొంత గోడది, కొంత పక్కాయిల్లు లేకపోవడానిది. ఎవరినీ నిందించడానికి ఈ మాట అనడం లేదు, ఆ తల్లిని అసలే కాదు. మనిషి చెయ్యి పెట్టగలిగిన చోటేదో తెలియడానికి అంటున్నాను. చెయ్యి పెట్టలేని భాగమూ ఉంది. పక్క గోడ నిలిచి ఈ గోడే ఎందుకు పడిందన్నదానికి ఏ మతమూ ఇచ్చిన జవాబు ఇంతవరకు నాకు చాలలేదు.

పిల్లాడికి మాత్రం సూటిగా చెప్పాలి. “దేవుడికి ఇష్టమై తీసుకెళ్లాడు” అనకండి, రేపు తనని కూడా ఇష్టపడతాడేమోనని వణుకుతాడు. “నిద్రపోయింది” అంటే నిద్రకే జడుస్తాడు. “వానకు నానిన గోడ కూలింది, దెబ్బకు చెల్లి ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది, ఇక తిరిగి రాదు. నువ్వు చేసినదానివల్ల కాదు” అనండి. చివరి మాట ముఖ్యం. ఆ రోజు చెల్లితో కొట్లాడి “నువ్వు చచ్చిపో” అని ఉంటే, తన మాటవల్లే అలా జరిగిందనుకునే వయసు వాడిది. కాసేపు ఏడ్చి వెంటనే ఆటకు పోయినా తప్పుపట్టకండి, పిల్లల దుఃఖం అలాగే ఉంటుంది.

తల్లి విషయంలో కొన్ని చూస్తూ ఉండండి. రెండు వారాలకు మించి నిద్ర, తిండి బాగా తగ్గడం, పిల్లాడిని కూడా పట్టించుకోకపోవడం, “నేనూ దాని దగ్గరికి పోతాను” అనడం. అలా అంటే “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అని తిన్నగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ, అడిగితే ఊపిరి తీసుకుంటుంది. ఇంట్లో గడ్డిమందు, పురుగుమందు ఉంటే ఈరోజే తీసి మీ ఇంట్లో తాళం వేయండి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ కేంద్రంలో తెలుగులో మాట్లాడతారు, పగలూ రాత్రీ పలుకుతారు, ఖర్చు లేదు. ఆమెను ఒంటరిగా వదలకుండా శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి.

పరిహారం మాట మీరు రాయలేదు. ప్రకృతి విపత్తులో మరణానికి విపత్తు సహాయనిధి నిబంధనల కింద కుటుంబానికి నాలుగు లక్షలు ఉంది. మరణ ధ్రువపత్రం, ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం నివేదిక, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం కావాలి. పిల్ల కదా అని పోస్ట్‌మార్టం లేకుండా పూడ్చేసిన ఇళ్లలోనే పని ఆగిపోతుంది. మీదీ అదే అయితే వీఆర్వో విచారణ జరిపించమని తహసీల్దార్‌కు రాతపూర్వకంగా అడగండి. రసీదు తీసుకోండి, కదలకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వండి. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించకపోతే ఆలస్య రుసుము, అనుమతి ఉంటాయి, అది ముందు తేల్చుకోండి. కాగితాల్లో పేరు అక్షరాలు కలవకపోవడం ఇంకో తంటా. “నా గుంట ప్రాణానికి వెల కడతారా” అని ఆమె సంతకం పెట్టనంటే బలవంతం చేయకండి. పిల్లాడికి గట్టి గోడ కట్టడానికి అని మరిదితో చెప్పించండి, కొన్నాళ్లు ఆగి.

శివరాత్రికి ఆమె తనంతట తాను వస్తానంటే తీసుకెళ్లండి, జనం రద్దీ తగ్గాక స్నానం చేయించండి. రానంటే ఇంట్లో వదిలేయండి, మీరో మరిదో తోడు ఉండండి. పసిపిల్ల పోతే పెద్దకర్మ చేయని ఇళ్లు చాలా ఉన్నాయి. నలుగురిలో ఏడవడానికి ఆ తల్లికి ఒక రోజంటూ దొరికి ఉండదు. పిల్ల పుట్టినరోజు ఎప్పుడో కనుక్కోండి, ఆ రోజు ఏం చేయాలో ఆమెనే చెప్పనివ్వండి. దీపం సంగతి మీ అత్తగారు చూసుకోవచ్చు. కోడలి చేతిలో వత్తి పెట్టకుండా తనే వెలిగించమనండి.