ముట్లు ఆగే వయసు గురించి మీటింగు పెడుతున్న అమ్మలుకి

అమ్మలూ,

డ్వాక్రా మీటింగు అయ్యాక నలభై దాటిన ఆడవాళ్ళని విడిగా కూర్చోబెట్టి ముట్లు ఆగే వయసు గురించి చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు రాసుకున్న కాగితాలు కూడా పంపింది. చాలా గర్వంగా అనిపించింది తల్లీ. కడుపుతో ఉన్నప్పటి నుంచి బిడ్డ టీకాలు పూర్తయ్యేదాకా ఆడదాని వెంట తిరిగే మనవాళ్ళు, ఆ తర్వాత ఆమెని బీపీ, షుగర్ రిజిస్టర్లో తప్ప ఇంకెక్కడా రాయరు. ఆ లోటు నీ కంట పడింది. కానీ కాగితాలు చదివాక కంగారు కూడా పుట్టింది. క్లినిక్‌లో ఒక్కరికి చెప్పడం వేరు, ముప్పైమంది ముందు చెప్పడం వేరు. సగం విని ఇంటికెళ్ళి పూర్తిగా విన్నట్టు చెప్పేవాళ్ళు అందులో ఉంటారు. అందుకే ఇంత రాస్తున్నాను.

వేళకి తినడం, నడవడం, నిద్రపోవడం, పొగాకు మానడం గురించి నువ్వు రాసింది బాగుంది, అలాగే చెప్పు.

"ముట్లు ఆగడం సహజం, భయపడక్కర్లేదు" అని మూడు చోట్ల రాశావు. ఆ మాట ఒక్కసారి చాలు. దాని పక్కనే, అదే గొంతుతో ఇంకో మాట చెప్పాలి: ఏడాదిపాటు ముట్లు పూర్తిగా ఆగిపోయాక మళ్ళీ ఒక్క చుక్క కనబడినా వారంలోపు డాక్టరుకి చూపించుకోవాలి. ఇది చెప్పకుండా మొదటిది మాత్రమే చెబితే, లంగాకి మరక చూసుకున్న ఆవిడ "సహజమే అన్నారుగా" అనుకుని ఆర్నెల్లు ఇంట్లో కూర్చుంటుంది. మన ఊళ్ళల్లో జరిగేది ఇదే. ఆగకముందు వచ్చే రక్తానికి తొందరపడి గర్భసంచి తీయించుకుంటారు, ఆగిపోయాక వచ్చే రక్తాన్ని దాచుకుంటారు. నీ మీటింగుల వల్ల ఈ రెండూ తిరగబడితే చాలు నాకు.

అలా రక్తం కనబడినవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమందికి క్యాన్సర్ ఉండదు. లోపలి పొర పల్చబడటమో, పాలిప్ అనే చిన్న కండ పెరగడమో కారణం అయ్యుంటుంది. ఆ పదో మనిషి కోసమే అందరినీ పంపాలి. కింది నుంచి చేసే స్కానింగులో గర్భసంచి లోపలి పొర 4 మిల్లీమీటర్లు దాటితే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. పొర పల్చగానే ఉందన్నా రక్తం మళ్ళీ కనబడితే మళ్ళీ వెళ్ళాలి. బరువు, షుగర్ ఎక్కువ ఉన్నవాళ్ళ మీద, రొమ్ము క్యాన్సర్‌కి టామాక్సిఫెన్ వాడుతున్నవాళ్ళ మీద ఇంకొంచెం కన్నేసి ఉంచు.

ఇంక ఆగకముందు సంగతి. మన దేశంలో ముట్లు ఆగే సగటు వయసు 46, 47. అంతకు కొన్నేళ్ళ ముందే తేడాలు మొదలవుతాయి. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ మెట్టుమెట్టుగా దిగిపోతుందని రాశావు, అది తప్పు, దిద్దుకో. ఒక నెల బాగా పెరుగుతుంది, ఇంకో నెల పడిపోతుంది. కొన్ని నెలల్లో అండం విడుదల కాదు. అండం విడుదల కాని నెలలో ప్రొజెస్టరాన్ అనే రెండో హార్మోన్ తయారవదు. తనని అదుపు చేసే ప్రొజెస్టరాన్ లేక ఈస్ట్రోజన్ ఒక్కటే పనిచేసి లోపలి పొరని మందంగా పెంచుతుంది. రెండు మూడు నెలలు ముట్టు రాకపోయి, తర్వాత గడ్డలు గడ్డలుగా పది పన్నెండు రోజులు పోయేది ఇందుకే. ఈ నాలుగు ముక్కలూ బొమ్మ గీసి చూపించు. కారణం తెలిసినవాళ్ళకి సగం భయం తగ్గుతుంది.

అందరికీ హార్మోన్ టెస్టులు చేయించాలని రాశావు. కొట్టెయ్. 45 దాటినవాళ్ళకి ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాన్ని పనిచేయించే హార్మోన్) అంకె ఈ వారం ఒకలా, వచ్చే వారం ఇంకోలా ఉంటుంది. దాన్నిబట్టి తేలేదేమీ లేదు. ఆ డబ్బుతో హీమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, షుగర్ చూపించుకోమను. టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ పరీక్ష. థైరాయిడ్ తేడా చేసినా చెమటలు, గుండెదడ, ముట్లలో మార్పు వస్తాయి, దాని మందు వేరు. 40 లోపే ఆగిపోయినవాళ్ళకి మాత్రం ముందు ప్రెగ్నెన్సీ టెస్టు, తర్వాత ఎఫ్‌ఎస్‌హెచ్ తప్పకుండా చేయించాలి.

ఇప్పుడు నన్ను భయపెట్టే విషయానికొస్తాను. దీనికి ఒక మీటింగు మొత్తం కేటాయించు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళ లెక్క మొదటిసారి అడిగారు. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు తేలితే, ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదిమంది దాకా, తెలంగాణలో ఎనిమిదిమంది దాకా తేలారు. అందులో చాలామందికి నలభై కూడా నిండలేదు. వాళ్ళని తెలివితక్కువవాళ్ళని మాత్రం అనుకోకు. ఇరవై మూడేళ్ళకే పిల్లలు పుట్టకుండా చేసే చిన్న ఆపరేషన్ అయిపోతుంది, ఇంక గర్భసంచితో పనేముందంటారు. కూలికి పోయేచోట గుడ్డ మార్చుకోను చాటు ఉండదు. తెల్లబట్ట అవుతోందని వెళితే "సంచికి పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అన్న మాట చెవిన పడుతుంది. పిల్లల్ని పెట్టుకుని ఆ మాట విన్న ఏ తల్లైనా అప్పుచేసి మరీ తీయించుకుంటుంది. ఆ భయం నిజం, చూపించిన దారే తప్పు. తెల్లబట్టకి ఇన్ఫెక్షన్ ఏదో చూసి మందులివ్వాలి. గర్భసంచి ముఖద్వారం ఎర్రగా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ కాదు. ముఖద్వారాన్ని పరీక్ష చేయించాలి గానీ సంచి కోయించడం కాదు.

ఆ తప్పులోనే ఇంకో తప్పు దాగుంది. చాలామందికి సంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు, ఆ సంగతి వాళ్ళకే తెలియదు. ముప్పై అయిదేళ్ళ మనిషికి ఒక్క రోజులో ఈస్ట్రోజన్ పడిపోతుంది. మెల్లగా ఏళ్ళ తరబడి రావాల్సిన సెగలు (ఉన్నట్టుండి ఒళ్ళు వేడెక్కడం), నిద్రలేమి, చిరాకు వారంలో వచ్చి పడతాయి. అంతకన్నా పెద్ద నష్టం పైకి కనబడదు. ఎముక ముందే గుల్లబారుతుంది, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. నడుం నొప్పి, నీరసం అని తిరిగితే బలానికి సెలైన్ పెట్టి పంపుతారు. అండాశయాలు ఉంచి సంచి ఒక్కటే తీసినా, అవి మామూలుకన్నా కొంత ముందే పనిచేయడం మానేస్తాయి.

అందుకని ఆపరేషన్ అయినవాళ్ళని డిశ్చార్జి కాగితం తెమ్మను. చాలామంది బీరువాలో చీరల కింద ప్లాస్టిక్ కవర్లో దాచుకుంటారు. అందులో టీఏహెచ్ అని ఒక్కటే ఉంటే సంచి తీశారు. దాని పక్కన బీఎస్ఓ అని ఉంటే రెండు అండాశయాలూ, గొట్టాలూ కూడా పోయాయి. అలా ఉండి వయసు 45 లోపు అయితే ఆవిడని గైనకాలజిస్టు దగ్గరికి నువ్వే చీటీ రాసి పంపు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టిన జబ్బు లాంటివి లేకపోతే, సహజంగా ముట్లు ఆగే వయసు దాకా హార్మోన్ ఇవ్వడమే సరైన వైద్యం. సంచి లేదు కాబట్టి ఆవిడకి సాధారణంగా ఈస్ట్రోజన్ ఒక్కటి చాలు. సంచి ఉన్నవాళ్ళకి ప్రొజెస్టరాన్ లేకుండా ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తే లోపలి పొర పెరిగి క్యాన్సర్‌కి దారితీయొచ్చు. ఈ తేడా నీకు నిద్రలో లేపినా చెప్పగలిగేట్టుండాలి.

ఇంకా ఆపరేషన్ కాక, రక్తంతో ఇబ్బంది పడేవాళ్ళకి మెట్లున్నాయని చెప్పు. మొదట లెక్క. గోడ మీద తెలుగు క్యాలెండర్లో ముట్టు వచ్చిన రోజు సున్నా చుట్టాలి, ఎక్కువైన రోజు రెండు సున్నాలు, గడ్డలు పడితే చుక్క. మూడు నెలల క్యాలెండర్ కాగితాలు డాక్టరు ముందు పెడితే "బాగా అవుతోందండీ" అన్న మాటకన్నా వెయ్యి రెట్లు నయం. గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటుతున్నా అది ఎక్కువే. హీమోగ్లోబిన్ 12 లోపు ఉంటే ఐరన్ మొదలుపెట్టు. టీకి, మాత్రకి మధ్య గంటైనా ఎడం ఉండాలి, నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. 45 దాటినవాళ్ళకి స్కానింగుతో పాటు లోపలి పొర బయాప్సీ కూడా అడగాలి.

తర్వాత మందులు. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ ఆసిడ్ 500 మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి, రోజుకి మూడుసార్లు, రక్తం ఎక్కువ పోయే రోజుల్లో మాత్రమే, అయిదు రోజులు మించకుండా, డాక్టరు రాస్తేనే వాడాలి. కాళ్ళలోగానీ ఊపిరితిత్తుల్లోగానీ రక్తం గడ్డకట్టినవాళ్ళకి కూడదు. అన్నిటికన్నా బాగా పనిచేసేది హార్మోన్ లూప్. కాపర్-టీ లాగే లోపల పెడతారు, అయిదేళ్ళు పనిచేస్తుంది. ఇక్కడ చెడేది ఒకటే: మొదటి మూడు నుంచి ఆరు నెలలు మరకలు మరకలుగా అవుతుంది. ముందే చెప్పకపోతే రెండో నెలలో తీయించేసుకుని "అదీ పనిచేయలేదు" అని ఆపరేషన్‌కి వెళ్ళిపోతారు. పెట్టించుకునే రోజే చెప్పు, నెల తర్వాత ఇంటికెళ్ళి మళ్ళీ చెప్పు.

ఆపరేషన్ పాపమని మాత్రం చెప్పకు. క్యాన్సర్, సంచిలో పెద్ద కణితులు, సంచి జారడం, మందులకి లొంగని రక్తస్రావం ఉన్నప్పుడు అదే ప్రాణం నిలబెడుతుంది. తీయించుకునే ముందు మూడు ప్రశ్నలు అడగమను: జబ్బు పేరేమిటి? ఇంకే వైద్యం ఉంది? అండాశయాలు ఉంచుతున్నారా? అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు అమలుచేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. అడిగే హక్కు వాళ్ళకుంది.

సెగల గురించి. ఈస్ట్రోజన్ తగ్గేసరికి మెదడులో ఒంటి వేడిని అదుపుచేసే చోటు చిన్న మార్పుకే ఉలిక్కిపడుతుంది, అందుకే ఉన్నట్టుండి మొహం, మెడ వేడెక్కి చెమటలు పడతాయి. సగటున ఏడేళ్ళు ఉండొచ్చు. పల్చటి నూలు బట్టలు, పడుకునేముందు కాఫీ, టీ మానడం కొందరికి చాలు. చాలనివాళ్ళని ఓర్చుకోమనకు, హార్మోన్ మందులున్నాయి. 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధనలో అవి వాడినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బు కొంచెం పెరిగాయని తేలాక హార్మోన్లంటేనే డాక్టర్లు కూడా వెనక్కి తగ్గారు. అందులో ఆడవాళ్ళ సగటు వయసు 63. లెక్కలు మళ్ళీ చూశాక, 60 లోపు, ముట్లు ఆగి పదేళ్ళు దాటని ఆరోగ్యవంతులకి సెగలు బాగా ఉంటే లాభమే ఎక్కువని తేలింది. రొమ్ము క్యాన్సర్, లివర్ జబ్బు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్ళకి వేరే మందులున్నాయి.

ఎవ్వరూ నోరు విప్పనిది కింది భాగం ఎండిపోవడం. మంట, దురద, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్. అడిగేవరకు చూడకుండా నువ్వే చెప్పు. తలలు వంచుకుంటారు, కానీ మీటింగు అయ్యాక ఒక్కొక్కరూ వెనక్కి వస్తారు. డాక్టరు రాసే ఎస్ట్రియాల్ (ఈస్ట్రోజన్‌లో ఒక రకం) క్రీము అరగ్రాము, రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు లోపల పెట్టుకోవాలి. రక్తంలోకి చాలా కొద్దిగానే వెళుతుంది. బాగైందని మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. దగ్గినప్పుడు మూత్రం పడేవాళ్ళకి కటి కండరాల (మూత్రం ఆపి ఉంచే కండరాల) వ్యాయామం నేర్పు: బిగించి అయిదు లెక్కపెట్టి వదలాలి, పదిసార్లు, రోజుకి మూడు విడతలు, మూడు నెలలు. మూత్రం పోస్తూ చేయకూడదు.

ఎముకలకి రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. రెండు గ్లాసుల పాలో గట్టి పెరుగో 480 దాకా ఇస్తాయి, యాభై గ్రాముల రాగిపిండి 170 దాకా. మునగాకు, నువ్వులు పైన. నీళ్ళ మజ్జిగని పాల లెక్కలో వేయకు. మాత్ర వేస్తే ఒక్కసారికి 500 దాటొద్దు, ఐరన్‌తో కలపొద్దు, థైరాయిడ్ మాత్రకి నాలుగు గంటలు ఎడం ఉంచాలి. 60,000 యూనిట్ల విటమిన్ డి వారానికి ఒకటే. రోజూ ఒకటి వేసుకునేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు, రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీ దెబ్బతింటుంది. ఇంటిల్లిపాదికీ కనబడేలా ఈ ఒక్క మాట పెద్ద అక్షరాలతో రాసి పెట్టు. కుర్చీలోంచి చేతులు ఆనకుండా పదిసార్లు లేచి కూర్చోవడం మీటింగులోనే అందరిచేతా చేయించు.

మౌనంగా కూర్చునేవాళ్ళని వదలకు. నిద్ర, ఆకలి పోయి "ఎందుకు బతకడం" అన్నవాళ్ళని ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, మనసు బాధకి ఫోన్లో సాయం చేసే టెలీమానస్ నంబరు 14416 రాసివ్వు.

అన్నీ ఒకేసారి చెప్పకు. ఒక మీటింగుకి ఒక్క విషయం, ముప్పావుగంట, కోతలు, నాట్లు లేని రోజుల్లో, మగవాళ్ళు లేని చోట. మొదటిది రక్తం గురించే పెట్టు. ఆ రోజుకి దగ్గర్లో బయాప్సీ చేసే ప్రభుత్వాసుపత్రి ఏది, గైనిక్ ఓపీ ఏ రోజులో కనుక్కుని ఉంచు. ఎక్కడికెళ్ళాలో చెప్పకుండా వెళ్ళమని చెప్పడం వాళ్ళకి ఏం సాయం? కాగితాలు దిద్దుకుని మళ్ళీ పంపు, చదివి రాస్తాను. నువ్వు వేళకి తింటున్నావో లేదో అది కూడా రాయి.

మీ పెద్దమ్మ