ఆరో తరగతిలో అక్షరాలు నేర్పబోతున్న అమ్ములుకు

అంబర్‌పేట, హైదరాబాద్
జూలై 2025

చిరంజీవి అమ్ములుకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నీ మాటలు విన్నప్పటి నుంచి నీ బడి గురించే ఆలోచిస్తున్నా. బోరబండలో ఆరో తరగతి ఇచ్చారు, సగం మందికి కూడబలుక్కుని చదవడం కూడా రావట్లేదు, ఒకపక్క సిలబస్ టెన్షన్, ఇంకోపక్క ఉన్నతి కార్యక్రమం రికార్డులు అన్నావు. ఆ పిల్లలు మొద్దులని మాత్రం ఎవరన్నా ఒప్పుకోకు. 2020-21లో వాళ్లు ఒకటో తరగతి. కరోనా వల్ల ఆ ఏడాదంతా ప్రాథమిక బడులు తెరవనే లేదు. పునాది పడాల్సిన ఏడాది బడి లేకుండానే పోయింది. 2022లో ఒకటి నుంచి ఐదు తరగతులకు తొలిమెట్టు, మరుసటి ఏడాది ఆరు నుంచి తొమ్మిది తరగతులకు ఉన్నతి అనే కార్యక్రమాలు సర్కారు పెట్టింది వెనుకబడిన ఇలాంటి పిల్లల కోసమే.

సిలబస్ వదిలేసి అక్షరాలు, చదవడం నేర్పితే అడుగుతారేమోనని భయపడ్డావు కదా. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ తీసి చదువు. సిలబస్ సకాలంలో పూర్తి చేయాలని ఒక క్లాజు ఉంది. దాని కిందే ఒక్కో బిడ్డ స్థాయి చూసి, అవసరమైతే అదనంగా బోధించాలని ఇంకో క్లాజు ఉంది. స్టాఫ్‌రూంలో అందరూ మొదటిదే గుర్తు చేస్తారు. రెండోది కూడా టీచర్ బాధ్యతే బిడ్డా, మన మంచితనం మీద వదిలేసిన పని కాదు.

మొదట్లో పిల్లల స్థాయి చూసే బేస్‌లైన్ పరీక్ష కాగితం ఇచ్చి ఊరుకుంటే ఏమీ తెలియదు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించు. చాలామంది పాఠం మొత్తం అప్పజెప్పేస్తారు, వేలు మాత్రం వేరే లైను మీద ఉంటుంది. మధ్యలో ఒక పదం చూపించి అడుగు, అప్పుడు బయటపడుతుంది. ఒకరికి గుణింతం దగ్గర తప్పుతుంది, ఇంకొకరికి ఒత్తుల దగ్గర. ఎవరికి ఎక్కడ ఆగిందో పేరు పక్కన రాసుకో. మార్కుల కంటే నీకు అదే పనికొస్తుంది.

తర్వాత రోజూ మొదటి పీరియడ్ దీనికే ఇవ్వు, ఏ కారణంతోనూ తీసేయకు. రానివాళ్లందరినీ ఒక మూల కూర్చోబెట్టవద్దు. పదకొండేళ్ల పిల్లలకు సిగ్గు ఎక్కువ, ఒకటో తరగతి వాచకం చేతిలో పెడితే మరునాడు బడికే రారు. వాళ్ల పేర్లు, బస్సు మీది రూటు బోర్డు, కిరాణా కొట్టు చీటీ, వాళ్లే చెప్పిన కథను నువ్వు బోర్డు మీద రాసిన నాలుగు వాక్యాలు, వీటితో చదివించు. లెక్కల్లోనూ అంతే. 302లోంచి 178 తీసేయలేని పిల్లవాడు కొట్టులో చిల్లర తప్పు లేకుండా లెక్కపెట్టి తెస్తాడు. ముందు డబ్బులతో అడిగి, ఆ తర్వాతే పలక మీద స్థానవిలువకు రా.

మన నగరంలో ఇంకో సంగతి ఉంది. ఇంట్లో దక్కనీ మాట్లాడేవాళ్లు, బీహార్, ఒడిశా నుంచి పనికి వచ్చినవాళ్ల పిల్లలు, పాలమూరు పిల్లలు, అందరూ ఒకే గదిలో ఉంటారు. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు అయినా, ఆ రెండూ ఇంటి భాష కాని పిల్లలకు ముందు విషయం అర్థం కావాలి. పాఠం తెరిచే ముందు దాని సంగతి వాళ్ల మాటల్లో చెప్పించు, రాకపోతే పక్కపిల్ల చేత చెప్పించు. మధ్యలో వచ్చి చేరే పిల్లలను టీసీ లేదనో, పుట్టిన తేదీ కాగితం లేదనో తిప్పి పంపనివ్వకు. చట్టం ఆ కారణాలను ఒప్పుకోదు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, మిగతావాళ్లతో సమానంగా రావడానికి ప్రత్యేక శిక్షణ పొందడం ఆ బిడ్డ హక్కు.

ఎంత చెప్పినా అందుకోని పిల్లలుంటే ముందు కళ్లూ చెవులూ చూపించు. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ఆర్‌బీఎస్‌కే పథకం డాక్టర్లు బడికి వచ్చినప్పుడు ఆ పిల్లల పేర్లు నువ్వే ముందు చెప్పు. ఇంకా పెద్ద ఇబ్బంది అనిపిస్తే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన దగ్గర్లోని భవిత కేంద్రంలో ప్రత్యేక టీచర్లుంటారు, తల్లిని వెంటబెట్టుకుని వెళ్లు.

రికార్డుల గురించి గట్టిగా చెప్తున్నా, ఉన్నది ఉన్నట్టే రాయి. చదవలేని పిల్లను చదువుతుందని రాసిన రోజున ఆమె అదనపు బోధన లెక్కలోంచి జారిపోతుంది, వచ్చే ఏడాది టీచరు ఆమె వైపే చూడరు. శాతం తగ్గిందని ఎవరైనా అడిగితే, నువ్వు పేరు పక్కన రాసుకున్న పుస్తకం తీసి చూపించు.

ఇప్పటి నుంచే ఇంకొకటి మనసులో పెట్టుకో. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటని సర్కారు బడి పిల్లలు అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. పనిలో పెడదామనో, పెళ్లి చేద్దామనో అనుకునే ఇళ్లలో ఆ డబ్బు ఆడపిల్లను బడిలో నిలబెడుతుంది. అది రాయాలంటే ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50. అంటే నీ పిల్లలకు ఆ ఏడో తరగతి వచ్చే ఏడాదే. ఈలోగా ఆధార్‌లో, బడి రిజిస్టరులో, బ్యాంకు పుస్తకంలో పేరు ఒకేలా ఉందో లేదో తల్లిదండ్రుల మీటింగు రోజున చూసి, తేడా ఉంటే అప్పుడే సరిచేయించుకోమను.

ఆదివారం వీలైతే ఇంటికి రా. నా దగ్గర కథల కార్డులు చాలా ఉన్నాయి, నీ తరగతికి సరిపోయేవి ఏరి ఇస్తా.

ఇట్లు
మీ పెద్దమ్మ