చిన్న ల్యాప్‌టాప్‌ను ఓవర్‌క్లాక్ చేస్తే లాభం ఉంటుందా?

విజయనగరంలో డిగ్రీ చదువుతున్నానని, సెలెరాన్ ఎన్4020 ప్రాసెసర్ ఉన్న చిన్న ల్యాప్‌టాప్ నెమ్మదించిందని, ఓవర్‌క్లాక్ చేయొచ్చా, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన దానికంటే ఎక్కువ స్పీడుతో నడపొచ్చా అని అడిగారు. వద్దండి. అసలు కుదరదు కూడా, ఈ చిప్‌లో స్పీడును నిర్ణయించే మల్టిప్లయర్‌ను ఇంటెల్ లాక్ చేసేసింది.

పైగా అవసరమైనప్పుడు అది 1.1 గిగాహెర్ట్జ్ నుంచి 2.8 దాకా తనంతట తానే పెరుగుతుంది. ఎక్కువసేపు అక్కడ నిలబడలేకపోతే కారణం వేడే. ఇది 6 వాట్ల చిప్, చాలా మోడళ్లలో ఫ్యానే ఉండదు. స్పీడు కోసం వోల్టేజీ పెంచామంటే చిప్ తినే పవర్ వోల్టేజీ వర్గానికి (స్క్వేర్‌కి) తగ్గట్టు పెరుగుతుంది, అదంతా వేడిగా మారుతుంది. మన మే నెల ఎండల్లో, ఏసీ లేని గదిలో ఆ వేడి ఎక్కడికి పోతుంది? చిప్ తనను కాపాడుకోవడానికి మళ్లీ స్పీడు తగ్గించేస్తుంది.

ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తున్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి, ఏది 100 శాతం దగ్గర ఉందో చూడండి. డిస్క్ అయితే, లోపల ఉన్నది హార్డ్‌డిస్కే అయితే దాని బదులు అంతకంటే చాలా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ పెట్టించండి, తేడా వెంటనే తెలుస్తుంది. డబ్బు పెట్టాల్సింది అక్కడే. మెమరీ అయితే ర్యామ్ స్లాట్ ఉందో లేదో ముందు రిపేరు షాపులో అడగండి, కొన్నింటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు.